విడిపించడం ఎన్ని రకాలు?

మా మేనకోడలు బ్యాంకు పరీక్షలకి చదువుతోంది. కృష్ణగిరిలో డిగ్రీ ముగించి, ఇప్పుడు హోసూరులో మా ఇంట్లోనే ఉంటూ కోచింగుకి పోతోంది. ఒక ఆదివారం పొద్దున నేను కాఫీ తాగుతూ పేపరు చూసుకుంటూంటే లావుపాటి పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

“మామా, ఇది చూడు. ఎక్స్‌ట్రికేట్, డిసెంటాంగిల్, డిసెన్‌కంబర్, డిసెంబరాస్, రిలీవ్, రిలీజ్, రిడీమ్, డిస్‌చార్జ్. అన్నిటికీ నా డిక్షనరీలో ‘విడిపించు’ అనే ఉంది. అన్నీ ఒకటే అయితే పరీక్షలో నాలుగు మాటలిచ్చి ఒకటే సరైనది అంటారేం?”

“అర్థం ఒకటేలేమ్మా, ఏదో ఒకదానికి టిక్కు పెట్టు” అనబోయి ఆగిపోయాను. అర్థం ఒకటేలే అని నేను ఒకసారి అనుకున్నవాణ్ణే. 2008లో. దానివల్ల ఒక పెద్దాయన ఎంత అవస్థపడ్డాడో ఆ సంగతి తరవాత చెబుతాను.

ముందే మనవి చేస్తున్నాను, నేను భాషా పండితుణ్ణి కాను. బీకాం చదివి బ్యాంకులో గుమాస్తాగా చేరి, ఆఫీసరునై, ఏళ్ల తరబడి అప్పులివ్వడం, వసూలు చేయడం, కాగితాలు భద్రపరచడం, తిరిగివ్వడం చేస్తున్నవాణ్ణి. మనుషులు ఇరుక్కోవడమూ, బయటపడడమూ కౌంటరు ఇవతల కూర్చుని చూసే ఉద్యోగం మాది. అందుకని ఈ మాటలు నాకు నిఘంటువులో కంటే లెడ్జరులోనే ఎక్కువ పరిచయం.

ఆ పిల్లకి మొదటి రెండు మాటలూ చెప్పడానికి నేను దూరం పోలేదు. మన ప్రాంతంలో మల్బరీ తోటలున్నాయి, పట్టుపురుగులు పెంచే ఇళ్లున్నాయి. మా తాతగారి ఊళ్లో చిన్నప్పుడు పట్టుగూళ్ల వాసన పీలుస్తూ పెరిగాను. పట్టుగూడు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. లోపల ఒక ప్రాణి ఉంది, చుట్టూ దారం ఉంది. దాదాపు వెయ్యి మీటర్ల పొడుగు, ఒకటే పోగు. ఆ ప్రాణికి రెక్కలొచ్చి, తడిపి, తోసుకుని, గూటికి రంధ్రం చేసుకుని బయటికి వస్తుంది చూడండి, అది ఎక్స్‌ట్రికేట్. ఇరుకులోంచి, తంటాలుపడి, తనను తాను లాక్కుని బయటపడడం. దారం ముక్కలైపోతుంది గాని చిలుకకు దాంతో నిమిత్తం లేదు. పట్టు తీసేవాళ్లు చేసేది వేరే పని. గూళ్లను వేడి నీళ్లలో వేసి, కొస వెతికి పట్టుకుని, ఎక్కడా తెగకుండా చుట్టు వెంబడి చుట్టు విప్పుకుంటూ పోతారు. అది డిసెంటాంగిల్. అక్కడ దారం బతుకుతుంది, పురుగు బతకదు.

“అంటే ఎక్స్‌ట్రికేట్ అంటే చిక్కుకున్నవాడి గురించి, డిసెంటాంగిల్ అంటే చిక్కు గురించి!” అంది మా మేనకోడలు. నాకంటే బాగా చెప్పింది. వకీలు దగ్గరికి పోయే రెండు రకాల మనుషుల్ని ఇక్కడ తలుచుకోవచ్చు. ఒకడు “నన్నెట్లాగైనా ఈ కేసులోంచి బయట పడెయ్యండి సార్” అంటాడు. ఇంకొకడు “ఈ వాటాల గొడవ ఎక్కడ మొదలైందో తేల్చండి” అంటాడు. ఫీజు రెండోవాడికే ఎక్కువ పడుతుంది.

ఎక్స్‌ట్రికేట్ అనే మాట లాటిన్‌లో ‘ట్రైకే’ అనే పదం నుంచి వచ్చిందట. చిల్లరమల్లర తకరార్లు, అల్లిబిల్లి చిక్కులు అని దానికి అర్థం. ఇంట్రికేట్ అన్నా అందులోంచి పుట్టిందే. డిసెంబరాస్‌కి డిసెంబరు నెలతో సంబంధం లేదు, మా మేనకోడలు మొదట అదేదో నెల పేరనుకుంది. ఎంబరాస్ అంటే ఈరోజు మనం సిగ్గుపడడం అనుకుంటాం గాని, అసలు అర్థం అడ్డం పడడం. చేతిలో డబ్బాడక కష్టాల్లో ఉన్నవాణ్ణి పాత ఇంగ్లీషు ఉత్తరాల్లో ‘ఎంబరాస్డ్ సర్కమ్‌స్టెన్సెస్’లో ఉన్నాడని రాసేవారు. సిగ్గు తరవాత వచ్చింది. మన దగ్గరా అంతే కదా, ముందు అప్పు, తరవాత సిగ్గు.

ఇంకో మాట చెప్పి ముందుకు పోతాను. మా పై ఆఫీసుకి ఉత్తరం రాసినప్పుడల్లా చివర ‘ప్లీజ్ ఎక్స్‌పెడైట్’ అని పెడతాం. తొందర చేయండి అని. దాని మూలార్థం తొందర కాదు, కాళ్లకు వేసిన బంధాలు విప్పడం. పాదాలు విడిపించడం. కాళ్లకు బంధం పడితే ఇంపీడ్, విప్పితే ఎక్స్‌పెడైట్. ఇన్నేళ్లూ నేను ఎవరి కాళ్ల సంకెళ్లు విప్పమని అడుగుతూ వచ్చానో నాకే తెలీదు. అలాగే రిలీవ్. బ్యాంకు ఉద్యోగికి ఈ మాట వినగానే గుర్తొచ్చేది ఊరట కాదు, బదిలీ. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చి మూడు నెలలైనా మేనేజరు రిలీవ్ చేయడు, పిల్లల స్కూలు ఫీజు అక్కడ కట్టాలా ఇక్కడ కట్టాలా తేలదు. ఇది చదివేవారిలో బ్యాంకువాళ్లుంటే నవ్వుకుంటారు.

ఇక మా కౌంటరు మాటలకొద్దాం. బంగారం మీద అప్పు మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో ఇంటింటి వ్యవహారం. నగ తెచ్చి కుదువ పెట్టడం, పంట డబ్బు చేతికొచ్చాక విడిపించుకోవడం. ఈ విడిపించుకోవడానికి ఇంగ్లీషులో రిడీమ్. లాటిన్‌లో ‘తిరిగి కొనుక్కోవడం’ అని దాని అర్థం. సొంత నగనే సొమ్మిచ్చి మళ్లీ కొనుక్కుంటున్నాం, ఆలోచిస్తే ఎంత నిజం! చెరపట్టిన మనిషిని విడిపించడానికిచ్చే సొమ్ముని రాన్సమ్ అంటారే, ఆ మాటా రిడెంప్షన్ అనే మాటా ఒక తల్లి పిల్లలే. అదే నగ గురించి మా రిజిస్టరులో రాసే మాట రిడీమ్ కాదు, రిలీజ్. కస్టమరు రిడీమ్ చేసుకుంటాడు, బ్యాంకు రిలీజ్ చేస్తుంది. తెలుగులో కూడా ఈ తేడా ఉంది చూడండి. ఆయన విడిపించుకున్నాడు, మేం విడుదల చేశాం. ‘బ్యాంకు విడిపించింది’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. డబ్బు కట్టినవాడిది విడిపించడం, పట్టు సడలించినవాడిది విడుదల. రిలీజ్ అనే మాటలో ఉన్నదీ ఆ సడలింపే, రిలాక్స్ అనే మాటకు అది చుట్టం.

రిడీమ్‌కి ఇంకో దాయాది ఉంది, ఎగ్జెంప్ట్. రెండింటిలోనూ ‘తీసుకోవడం’ అనే లాటిన్ ధాతువే ఉంది, ఒకటి తిరిగి తీసుకోవడం, ఒకటి బయటికి తీసెయ్యడం. ఈ రెండోది మనవాళ్లకి కొత్త కాదు. 2006లో తమిళనాడులో బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున పైకి పోయింది. ఆ పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి 2016 అయింది. తమ భాషలోనే పరీక్ష రాసుకునేందుకు అల్పసంఖ్యాక భాషల వాళ్లు హైకోర్టు దాకా పోయి తెచ్చుకున్నది ఎగ్జెంప్షన్. విడుదల కాదు, మినహాయింపు. నియమం అక్కడే ఉంటుంది, మనల్ని మాత్రం దాని లెక్కలోంచి ఆ ఏటికి పక్కకు తీసి పెడతారు. అందుకే మళ్లీ మళ్లీ అడగాల్సి వస్తుంది.

ఇప్పుడు 2008 సంగతి.

ఆ ఏడు ఫిబ్రవరి 29న కేంద్ర బడ్జెట్టులో రైతుల అప్పుల గురించి ప్రకటన వచ్చింది. 60 వేల కోట్ల రూపాయల పథకం అన్నారు. మా బ్రాంచి ముందు మర్నాటి నుంచే జనం. పథకం పూర్తి పేరులోనే రెండు మాటలున్నాయి, డెట్ వేవర్, డెట్ రిలీఫ్. ఆ రెండింటి మధ్య ఉన్నదంతా ఒక కామా ఎడం అనుకున్నాను నేను. కాదు. అయిదెకరాలు, అంటే రెండు హెక్టార్ల లోపు భూమి ఉన్న సన్నకారు, చిన్నకారు రైతులకి వేవర్, అంటే లెక్కలోకి వచ్చే బాకీ మొత్తం మాఫీ. అంతకు మించి భూమి ఉన్నవాళ్లకి రిలీఫ్, అంటే ముప్పావు వంతు వాళ్లు కడితే పావు వంతు ప్రభుత్వం భరిస్తుంది. కట్టకపోతే ఆ పావు వంతూ లేదు. 2007 మార్చి 31 లోపు తీసుకున్న అప్పై ఉండాలి, ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి గడువు దాటి ఉండాలి, ఇలా ఇంకా షరతులు. జాబితాలు తయారుచేసి జూన్ 30 లోపు బ్రాంచి గోడకు అంటించాలి.

జాబితాలు తమిళంలో, ఇంగ్లీషులో అంటించాం. మా బ్రాంచికి సూళగిరి, బేరికె వైపు పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది చిన్నప్పుడు తెలుగు బడిలో చదివినవాళ్లు. తమిళం మాట్లాడతారు, చదవడం కష్టం. నాకు తెలుగు రాయడం వచ్చు కాబట్టి మేనేజరు “నువ్వే నీ భాషలో ఒక కాపీ రాసి పెట్టప్పా” అన్నాడు. రాత్రి ఎనిమిదింటికి కూర్చుని స్కెచ్ పెన్నుతో రాశాను. రెండు జాబితాలకీ పైన ఒకే శీర్షిక పెట్టాను, ‘రుణవిముక్తి పొందిన రైతులు’. వేవర్ అన్నా రిలీఫ్ అన్నా రైతుకి మేలే కదా, అర్థం ఒకటేలే అనుకున్నాను. పైగా ఆ మాట చూడడానికి నిండుగా, హుందాగా ఉందని నాకు లోపల కాస్త గర్వం కూడా.

ఆరున్నర ఎకరాలున్న పెద్దాయన ఒకాయన పేరు రెండో జాబితాలో ఉంది. బాకీ వడ్డీతో కలిపి 96 వేలు. అంటే ఆయన 72 వేలు కడితే 24 వేలు తగ్గుతుంది. ముగ్గురు కొడుకులకి భూమి పంచి ఉంటే మొదటి జాబితాలో ఉండేవారేమో, పంచకుండా కలిసి ఉన్నందుకు రెండో దాంట్లో పడ్డారు. ఆయన వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, నేను రాసిన కాగితంలో తన పేరు మీద వేలు పెట్టి చదువుకున్నాడు. పై శీర్షిక చదివాడు. గోడకే దండం పెట్టాడు. కౌంటరు దగ్గరికి వచ్చి “మంచి మాట రాసినావు నాయనా” అని పోయాడు. చంద్రచూడేశ్వరుడి కొండకు పోయి టెంకాయ కొట్టి వచ్చాడని తరవాత తెలిసింది. ఆ ఏడు మామిడి డబ్బు చేతికొస్తే దాంతో బోరు వేయించాడు. అప్పు లేదు కదా.

రిలీఫు కింద కట్టాల్సిన సొమ్ము మూడు వాయిదాలు. 2008 సెప్టెంబరు దాటింది, 2009 మార్చి దాటింది. ఏప్రిల్‌లో కాబోలు ఆయన కొత్తగా పంట అప్పు కావాలని వచ్చాడు. ఖాతా తీశాను. బాకీ అలాగే ఉంది. “పెద్దాయనా, మీరు 72 వేలు కట్టాల్సింది. జూన్ 30తో గడువు అయిపోతుంది. దాటితే 96 వేలూ మీ మీదే” అన్నాను.

ఆయన నా మీద అరవలేదు. గోడ దగ్గరికి నడిచి పోయి, ఇంకా అంటించే ఉన్న ఆ కాగితాన్ని చూపించి, “విముక్తి అని నువ్వు రాసిందే కదా నాయనా?” అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఆ సాయంత్రం కాగితం చింపేసి వేరే రాశాను. మొదటి జాబితాకి ‘బాకీ మొత్తం మాఫీ అయినవారు’ అని, రెండో దానికి ‘ముప్పావు వంతు కడితే పావు వంతు తగ్గేవారు’ అని. హుందాతనం లేదు, ఎవరికైనా అర్థమవుతుంది. నా తప్పుకి ఎవరూ మెమో ఇవ్వలేదు. ఇవ్వాలంటే ఆ కాగితం చదవాలి కదా! ఆ బ్రాంచిలో తెలుగు చదవగలిగిన ఉద్యోగిని నేనొక్కణ్ణే. ఇన్‌స్పెక్షనుకి వచ్చినవాళ్లు కూడా మూడు భాషల్లో నోటీసు ఉందని మెచ్చుకుని పోయారు. మన భాషలో మనం రాసుకున్న తప్పు మనకు తప్ప ఎవరికీ కనబడదన్న సంగతి ఆ రోజు తెలిసొచ్చింది.

పెద్దాయన అదృష్టమో, నా అదృష్టమో, 2009 జులై బడ్జెట్టులో రిలీఫు గడువుని ఆ డిసెంబరు 31 దాకా పొడిగించారు. తరవాతి బడ్జెట్టులో 2010 జూన్ 30 దాకా మళ్లీ పెంచారు గాని, ఆయన అందాకా ఆగలేదు. ఆ ఏడు మామిడి కాయ అమ్మిన డబ్బు కొంత, ఇల్లాలి నగలు కుదువ పెట్టింది కొంత కలిపి నవంబరులో 72 వేలు తెచ్చి కట్టాడు. ఒక అప్పులోంచి బయటపడడానికి ఇంకో అప్పు. ఆ నగలు ఎప్పుడు విడిపించుకున్నాడో నేను అడగలేదు, అడిగే మొహం లేదు.

తరవాత తీరిగ్గా రిలీవ్ అనే మాట పుట్టుక చూశాను. ‘మళ్లీ పైకెత్తడం, తేలిక చేయడం’ అట. బరువు దించేసి పారెయ్యడం కాదు, నెత్తిన మూట ఉండగా పక్కవాడు చెయ్యివేసి కాస్త ఎత్తిపట్టడం. మూట నెత్తినే ఉంటుంది. వేవర్ వేరు. హక్కున్నవాడు ఆ హక్కుని తానే వదులుకోవడం. ఒకటి మోసేవాడి వైపు మాట, ఇంకొకటి ఇచ్చినవాడి వైపు మాట. ఇది ముందే చూసి ఉంటే ఆ శీర్షిక నా చేత్తో రాసేవాణ్ణి కాదు.

ఈ రిలీఫ్ అనే మాట మన నేలకు అప్పటికే పాతది. హోసూరు పక్కన తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ, 1937లో మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయ్యాక చేసిన మొదటి పెద్ద పనుల్లో ఒకటి 1938 నాటి మద్రాసు రైతుల రుణ ఉపశమన చట్టం. అప్పట్లో ముఖ్యమంత్రిని ప్రధాని అనేవారు. చట్టం పేరులో రిలీఫే ఉంది. లోపల చూస్తే ఎంత జాగ్రత్తగా కొలిచారో తెలుస్తుంది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పైతే, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ అంతా తీరిపోయినట్టే లెక్క, అసలు మాత్రం కట్టాలి. అప్పటికే అసలుకి రెండింతలు కట్టేసి ఉంటే మొత్తం అప్పే తీరిపోయినట్టు. ఆ ‘తీరిపోయినట్టు’ అన్నచోట చట్టం వాడిన మాట డిస్‌చార్జ్. చార్జ్ అంటే బండికెత్తిన బరువు, డిస్‌చార్జ్ అంటే దించెయ్యడం. పైన పేరులో రిలీఫ్, లోపల కొందరికి డిస్‌చార్జ్. షావుకార్లు దాని మీద ఎంత గోల చేశారో మా తాతగారి తరం కథలు కథలుగా చెప్పుకునేవారు.

1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం ఇంకో అడుగు ముందుకు పోయింది. వెట్టికి కారణమైన అప్పు తగ్గదు, వాయిదా పడదు, ఆరిపోతుంది. దీపం ఆరినట్టు, ఎక్స్‌టింగ్విష్ అన్నారు. వెట్టినుంచి బయటికి తెచ్చిన మనిషికి అధికారులిచ్చే కాగితానికి పేరు రిలీజ్ సర్టిఫికెట్. ఆ కాగితం చేతిలో లేకపోతే సాయం అందడం కష్టం. బతుకు మొత్తం ఒక మాట రాసిన కాగితం మీద ఆధారపడడం నాకు కొత్తగా అనిపించదు, మా ఉద్యోగమే అంత.

రైట్ ఆఫ్ గురించి ఒక్క మాట చెప్పకపోతే తోటి బ్యాంకువాళ్లు ఊరుకోరు. ‘బ్యాంకులు ఇన్ని కోట్లు రైట్ ఆఫ్ చేశాయి’ అని పేపర్లో రాగానే, పెద్దవాళ్ల అప్పులు మాఫీ చేశారని మా వీధిలో వాదన మొదలవుతుంది. రైట్ ఆఫ్ అంటే మా ఆస్తుల పట్టీలోంచి ఆ పద్దు తీసెయ్యడం. రాని బాకీని వచ్చేదానిలా చూపించుకోకూడదని చేసే పని. బాకీదారు మీద బాకీ అలాగే ఉంటుంది, కేసు నడుస్తూనే ఉంటుంది. తరవాత ఎంత వసూలవుతుందన్నది వేరే ప్రశ్న, అక్కడ మీరు కోప్పడితే నేను అడ్డు చెప్పను. మాటను మాత్రం కలిపేయకండి. అలాగే రాజీ మీద కొంత తగ్గించుకుని కట్టినవారు క్రెడిట్ రిపోర్టు చూసుకోండి. పూర్తిగా కట్టిన ఖాతాకి ‘క్లోజ్డ్’ అని ఉంటుంది, రాజీ ఖాతాకి ‘సెటిల్డ్’ అని. రెండూ అప్పు లేనట్టే వినబడతాయి. మళ్లీ అప్పుకి పోయినప్పుడు రెండో మాట దగ్గర మేనేజరు కళ్లజోడు సర్దుకుంటాడు.

రెస్క్యూ ఎక్కడ అంటారా? అది ప్రాణాపాయం మాట. చలికాలంలో దెంకణికోట వైపు అడవుల నుంచి ఏనుగులు పొలాల మీదికి వస్తాయి. ఏనుగు బావిలో పడిందని, అటవీశాఖవాళ్లు జేసీబీతో గట్టు తవ్వి దారి చేసి బయటికి రప్పించారని వార్త వస్తే రెస్క్యూ అంటారు. అక్కడ ఆలస్యమైతే ప్రాణం పోతుంది. అప్పుకి ఆ మాట వాడితే అతిశయోక్తి, కొన్ని ఇళ్లలో అదీ కాదు. బెయిల్ ఔట్ అనేది పడవలోకి చేరిన నీళ్లను బక్కెట్టుతో తోడిపోయడం. 2008లోనే అమెరికాలో పెద్ద బ్యాంకులకి అలా తోడిపోశారు. అదే ఏడు ఇక్కడ మేం గోడలకి జాబితాలు అంటించుకుంటున్నాం.

మన తెలుగు మాత్రం తక్కువదా? గట్టెక్కించడం, ఒడ్డున పడెయ్యడం, ఇవి నీళ్లలో మునుగుతున్నవాడికి. చిక్కు విప్పడం దారానికి. వదిలించుకోవడం జిడ్డులా పట్టుకున్నదానికి. చెర విడిపించడం మనిషికి, కుదువ విడిపించడం వస్తువుకి. అడమానం భూమికి. పీడ విరగడ కావడమంటే దానంతటది పోవడం, మన ప్రమేయం లేదు. ఇన్ని పెట్టుకుని నేను ఆ రాత్రి సంస్కృతం మాట కోసం వెతికాను. ‘విమోచన’, ‘విముక్తి’ స్తోత్రాలకి బాగుంటాయి. నోటీసు బోర్డుకి ‘ఎంత కట్టాలి, ఎంత పోతుంది’ అన్నదే తెలుగు.

చివరగా డిసెన్‌కంబర్. దీన్ని ఊరికే వదలలేను, ఎందుకంటే ఇది మీ అందరి ఇళ్లలోనూ ఉంది. భూమి కొనేటప్పుడు, అప్పు తీసుకునేటప్పుడు ఈసీ తెమ్మంటాం కదా, అది ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్. తమిళంలో విల్లంగం అంటారు, మన పల్లెల్లో తెలుగువాళ్లూ ఆ మాటే వాడతారు. నదికి అడ్డంగా వేసిన కట్ట అని అర్థమిచ్చే పాత ఫ్రెంచి మాట నుంచి ఎన్‌కంబర్ వచ్చిందట. మన దక్షిణ పినాకినికి కెలవరపల్లి దగ్గరొక అడ్డు, కృష్ణగిరి దగ్గరొక అడ్డు ఉన్నట్టు, ఆస్తి ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి పారకుండా అడ్డంపడేది విల్లంగం.

చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. ఇంటి అప్పు పూర్తిగా కడతారు, అది డిస్‌చార్జ్ అవుతుంది. బ్యాంకు దస్తావేజులు తిరిగిస్తుంది, అది రిలీజ్. 2023 డిసెంబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన కూడా ఉంది, అప్పు తీరిన 30 రోజుల్లో కాగితాలివ్వాలి, తప్పు బ్యాంకుదై ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు బ్యాంకే ఇచ్చుకోవాలి. కాగితాలు ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టుకుని అయిపోయిందనుకుంటారు. కాలేదు. తాకట్టు రిజిస్టరై ఉంటే, అప్పు తీరినట్టు రసీదుని కూడా రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించాలి. అది చేయించేదాకా ఈసీ తీసిన ప్రతిసారీ ఆ పాత తాకట్టు పలకరిస్తూనే ఉంటుంది. కంపెనీలకైతే ఈ పనికి ‘శాటిస్‌ఫాక్షన్ ఆఫ్ చార్జ్’ అని పేరు. సిప్‌కాట్‌లో చిన్న ఫ్యాక్టరీ నడిపే మిత్రుడొకడు దాన్ని ‘బ్యాంకు తృప్తి పడ్డట్టు కాగితం’ అంటాడు. బ్యాంకు తృప్తి పడడం అతను ఇంతవరకూ చూడలేదట.

ఇదంతా మా మేనకోడలికి చెబుతున్నప్పుడు ఆ పెద్దాయన మనవడి విషయం కూడా చెప్పాను. కిందటి ఏడాది ఆ అబ్బాయి మా బ్రాంచికి వచ్చాడు. హోసూరులో ఉద్యోగం, ఊళ్లో ఇల్లు కట్టుకోవాలని అప్పు కోసం. ఈసీ తీస్తే తాత పేరు మీద 2004లో రిజిస్టరైన తాకట్టు అలాగే ఉంది. 2009లో బాకీ తీరింది గాని రసీదు రిజిస్టరు చేయించమని ఎవరూ చెప్పలేదు, నేను కూడా. పాత బ్రాంచికి రాసి, లెడ్జరు తీయించి, రసీదు తయారు చేయించి, నేనే దగ్గరుండి రిజిస్ట్రారు ఆఫీసుకి పంపించాను. పది రోజుల్లో కొత్త ఈసీ వచ్చింది. ఆ అబ్బాయి తెలుగు బాగానే మాట్లాడతాడు, చదవడు. కాగితం చేతిలో పట్టుకుని “తాతకి ఏమని చెప్పమంటారు సార్?” అని, ఆయనకే ఫోను కలిపి నా చేతికిచ్చాడు.

“ఏం నాయనా, ఈసారి ఏ విముక్తి?” అన్నాడు ఆయన. గొంతు కాస్త వణికింది గాని జ్ఞాపకం ఎక్కడా వణకలేదు.

“అది కాదు పెద్దాయనా. 2004లో పెట్టిన తాకట్టు ఒక వరుసలో ఉంది. అది తీరిపోయినట్టు ఇప్పుడు దాని కింద ఇంకో వరుస వచ్చింది. మొదటిది చెరిపెయ్యరు. రెండూ కనబడతాయి.”

ఆయన కొంచెంసేపు ఏమీ అనలేదు.

“కనబడనీలే” అన్నాడు. “మనవడికి ఎప్పుడు ఇస్తావు దుడ్డు?”